అర రూపాయి నేర్పిన పాఠం: కువైట్ నగర భూగోళం, చరిత్ర, ఆర్థిక జీవనం

కువైట్ పేరు వినని ముస్లిం ఇల్లు కడప, అన్నమయ్య జిల్లాల్లో అరుదు. రాయచోటి, రాజంపేట ప్రాంతాల్లో చాలా కుటుంబాలకు అన్నమో, ఇంటి పైకప్పో, ఆడపిల్ల నికాహ్ ఖర్చో అక్కడి దీనారు నుంచే వచ్చింది. గోదావరి జిల్లాల నుంచి వెళ్లినవారూ చాలామంది. మాలియా, ముర్గాబ్, ఫర్వానియా, ఖైతాన్, సాల్మియా వంటి పేర్లు మన పెద్దవాళ్లకు పక్క ఊరి పేర్లంత పరిచయం. మన సొసైటీకి చందాలు పంపేవారిలోనూ అక్కడ చెమటోడ్చి సంపాదిస్తున్నవారు ఉన్నారు.

అయినా ఆ నగరం చరిత్ర మన పిల్లలకు తెలియదు. అడిగితే "పెట్రోలు దొరికింది, డబ్బున్నవాళ్లయ్యారు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అందులో సగమే నిజం. పెట్రోలు అమ్ముడుపోక ముందే, తాగేందుకు నీళ్లు కూడా సరిగా లేని రోజుల్లోనే, ఆ ఊరివాళ్లు చందాలు వేసుకుని బడి కట్టుకున్నారు. ఆ చందాలు కూడా మన రూపాయల్లోనే. దానధర్మాలు చేసేవారు తెలుసుకోవలసిన చరిత్ర కాబట్టి ఈ సంచికలో దాన్ని పాఠంగా రాస్తున్నాను.

భూగోళం: నది లేని నేల, మంచి రేవు

పటంలో అరేబియా గల్ఫ్‌ను చూడండి. దాని వాయవ్యపు కొసన, ఇరాక్‌కు, సౌదీ అరేబియాకు మధ్య చిన్న త్రికోణంలా కనిపించేదే కువైట్ దేశం. దాని వైశాల్యం 17,818 చదరపు కిలోమీటర్లు. అంటే మన పాత అవిభక్త అనంతపురం జిల్లా కంటే కూడా చిన్నది. ఆ దేశపు తీరంలో సముద్రం లోపలికి చొచ్చుకు వచ్చి ఒక అఖాతం ఏర్పడింది. దానిపేరు కువైట్ అఖాతం. దాని దక్షిణపు ఒడ్డున ఉన్నదే రాజధాని, కువైట్ నగరం.

ఈ దేశంలో ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ లేదు, మంచినీటి సరస్సు లేదు. సంవత్సరమంతా కురిసే వాన సగటున 10, 12 సెంటీమీటర్లు. కరువు సీమ అని పేరుపడిన మన అనంతపురంలోనే అంతకు నాలుగు రెట్లకు పైగా కురుస్తుంది. ఎండాకాలంలో ఉష్ణోగ్రత 50 డిగ్రీలు దాటడం మామూలే. 2016 జూలై 21న మిత్రిబాలో నమోదైన 53.9 డిగ్రీలను ప్రపంచ వాతావరణ సంస్థ పరిశీలించి ధ్రువీకరించింది. వాయవ్యం నుంచి వీచే షమాల్ గాలి ధూళిని లేపి పట్టపగలే చీకటి చేస్తుంది.

ఇలాంటి చోట ఊరు ఎందుకు వెలసింది? సమాధానం ఆ అఖాతమే. పెద్ద అలల నుంచి, గాలుల నుంచి రక్షణ ఉన్న రేవు అది. పైగా బస్రా దగ్గర, ఎడారి గుండా ఒంటెల బిడారులు వెళ్లే దారి దగ్గర. నేల పంట ఇవ్వకపోయినా నీటి దారి, ఇసుక దారి అక్కడ కలిశాయి.

పేరు, పుట్టుక

కోటను అక్కడి వాడుకలో 'కూత్' అనేవారు. చిన్న కోట అంటే 'కువైత్'. దానికి ముందు ఆ చోటును 'ఖురైన్' అని కూడా పిలిచేవారు. యూరప్ యాత్రికుల పాత పటాల్లో కనిపించే 'గ్రేన్' అదే.

ఊరు కొత్తదే కాని, ఆ ప్రాంతం చాలా పాతది. అఖాతం ముఖద్వారంలో ఉన్న ఫైలకా దీవిలో దిల్మున్ నాగరికత అవశేషాలు, గ్రీకుల కాలపు కట్టడాలు బయటపడ్డాయి. గ్రీకులు ఆ దీవిని ఇకారోస్ అన్నారు. ముస్లిం చరిత్ర చదివినవారికి మరో పేరు గుర్తుండాలి, కాజిమా. హిజ్రీ 12లో, అంటే క్రీ.శ. 633లో, హజ్రత్ అబూబకర్ సిద్దీఖ్ (రజి) ఖిలాఫత్ కాలంలో హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి) సాసానీయ సైన్యాన్ని ఓడించిన గొలుసుల యుద్ధం కాజిమా దగ్గరే జరిగింది. ఆ చోటు నేటి కువైట్ అఖాతపు ఒడ్డునే ఉంది.

ఇప్పటి నగరం మాత్రం 18వ శతాబ్దంలో ఎదిగింది. మధ్య అరేబియా నుంచి కరువు, కలహాల వల్ల కదిలివచ్చిన బనీ ఉతూబ్ తెగవారు ఇక్కడ స్థిరపడ్డారు. ఆ శతాబ్దం మధ్యలో తమలో సబాహ్ అనే ఆయన్ని పెద్దగా ఎన్నుకున్నారు. నేటి అమీర్లు ఆ వంశంవారే. పాలన సబాహ్ కుటుంబానిది, ఖర్చుకు డబ్బు వర్తకులది, మాటకు ముందు సంప్రదింపులు. ఇలా ఊరు నడిచింది. 1760ల్లో అరబ్ దేశాలు తిరిగిన కార్‌స్టెన్ నీబూర్ అనే యాత్రికుడు ఈ ఊరికి పదివేల జనం, 800 పడవలు ఉన్నాయని రాశాడు. పన్నెండు మందికి ఒక పడవ! ఊరు ఏం తిని బతికేదో ఆ లెక్కే చెబుతుంది.

సముద్రమే పొలం

కువైట్‌వారి పాత జీవనానికి రెండు పంటలు. ఒకటి వర్తకం, రెండోది ముత్యాలు.

వర్తకపు పడవలు బస్రా ఖర్జూరాలు నింపుకుని కరాచీ, బొంబాయి, మలబారు తీరానికి వచ్చేవి. తిరుగు ప్రయాణంలో బియ్యం, టీ, బట్టలు, మసాలా దినుసులు, కలప తీసుకెళ్లేవి. కొన్ని తూర్పు ఆఫ్రికా దాకా వెళ్లి ఇంటి పైకప్పులకు మడచెట్ల దూలాలు తెచ్చేవి. ఆ పడవలు కూడా మన దేశపు టేకుతోనే తయారయ్యేవి. కాలికట్ కలప లేకపోతే కువైట్‌కు పడవ లేదు.

ముత్యాల వేట ఎండాకాలపు నాలుగు నెలలు సాగేది. మునిగేవాడు ముక్కుకు క్లిప్పు పెట్టుకుని, కాలికి బరువు రాయి కట్టుకుని, మెడకు బుట్ట తగిలించుకుని అడుగుకు దిగేవాడు. ఊపిరి ఆడినంతసేపే చిప్పలు ఏరుకోవాలి. పైన తాడు పట్టుకున్నవాడు సైగ అందగానే లాగాలి. పడవకు పెద్ద నాఖుదా.

ఈ వేటలో మన పాఠకులు గమనించవలసినది అప్పు. వేటకు వెళ్లేముందు ఇంటి ఖర్చుకు నాఖుదా దగ్గర బయానా తీసుకునేవారు. నాఖుదా వర్తకుడి దగ్గర తెచ్చేవాడు. చిప్పలు బాగా దొరికిన ఏడాది అప్పు తీరేది, దొరకని ఏడాది పెరిగేది. అప్పు తీరేదాకా మరో పడవ ఎక్కేందుకు వీలు లేదు. ఏళ్ల తరబడి అలా కట్టుబడి పోయినవారు ఎందరో. ఏజెంటుకు లక్ష, రెండు లక్షలు వడ్డీకి తెచ్చి కట్టి, మొదటి రెండేళ్ల జీతం ఆ అప్పుకే పోయే మనవాళ్ల కథ దీనికి ఎంత దూరం?

1912 నాటికి ముత్యాల వ్యాపారం పరాకాష్ఠకు చేరింది. తరువాత జపాన్ పెంపుడు ముత్యాలు బజారులోకి వచ్చాయి. 1929లో ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం కమ్మింది. కొన్నేళ్లలోనే ఆ పంట ఎండిపోయింది.

తాగే నీరు పడవ మీద

ఊరి బావుల్లో నీళ్లు కొద్దిగా, అదీ ఉప్పగా ఉండేవి. జనం పెరిగేకొద్దీ చాలక, 20వ శతాబ్దం మొదట్లో షత్తుల్ అరబ్ నది నుంచి పడవల్లో నీళ్లు తెచ్చుకోవడం మొదలైంది. ఒడ్డున దింపి, తోలు తిత్తుల్లో పోసి, ఇంటింటికీ అమ్మేవారు. 1939లో దీనికోసం ఒక కంపెనీయే ఏర్పడింది. సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే పెద్ద ప్లాంటు 1953లో వచ్చాకే ఈ బాధ తీరింది. నగరానికి గుర్తుగా ఫొటోల్లో కనిపించే కువైట్ టవర్స్‌లో పెద్దది 187 మీటర్ల ఎత్తు. వాటి గోళాలు అలంకారానికే కాదు, వాటిలో తాగునీరు నిలవ ఉంటుంది. నీటి విలువ తెలిసిన ఊరు నీటిట్యాంకునే తన గుర్తుగా పెట్టుకుంది.

రూపాయి బంధం

1899 జనవరి 23న షేక్ ముబారక్ బ్రిటిష్‌వారితో ఒప్పందం చేసుకున్నాడు. గల్ఫ్ వ్యవహారాలను అప్పట్లో బ్రిటిష్ ఇండియా ప్రభుత్వమే చూసేది. అందుకే కువైట్ బజారులో చెల్లుబాటైన డబ్బు మన రూపాయి. 1923 నుంచి అక్కడ వాడిన తపాలా బిళ్లలు కూడా, 'కువైట్' అని పైన అచ్చువేసిన ఇండియా బిళ్లలే. స్వాతంత్ర్యం వచ్చాకా రూపాయి అక్కడ నడిచింది. 1959లో మన రిజర్వ్ బ్యాంకు గల్ఫ్ కోసం వేరే రంగు నోట్లు అచ్చువేసింది. 1961 ఏప్రిల్‌లో దీనారు వచ్చినప్పుడు ఒక దీనారుకు 13 రూపాయల చిల్లర లెక్కన మార్చుకున్నారు. ఈనాడు ఒక దీనారు రెండు వందల యాభై రూపాయలకు పైనే. అదే ఏడాది జూన్ 19న కువైట్ స్వతంత్ర దేశమైంది.

చందాలతో లేచిన బడి

ఇక అసలు పాఠానికి వద్దాం. 20వ శతాబ్దం మొదట్లో అక్కడ పిల్లలకు ఖురాన్ పారాయణం, కాస్త రాత, కాస్త లెక్కలు నేర్పే చిన్న మక్తబులే ఉండేవి. ఒక మీలాద్ సభలో సయ్యద్ యాసీన్ తబ్‌తబాయీ మాట్లాడుతూ, ప్రవక్త (స) జీవితాన్ని చదివి వినడంతో సరిపోదు, ఆయన బాటలో నడవాలంటే జ్ఞానం కావాలి, జ్ఞానానికి బడి కావాలి అన్న భావం చెప్పారు. ఆ మాట షేక్ యూసుఫ్ బిన్ ఈసా అల్ ఖినాయీ మనసుకు తగిలింది. ఆయన ధనవంతుడు కాదు, పండితుడు. శక్తికొద్దీ తాను వేసి, ఇతరులను అడిగారు. ఒకరు ఇల్లు ఇచ్చారు, మరికొందరు వేలల్లో ఇచ్చారు. బొంబాయిలో ముత్యాల వ్యాపారం చేస్తున్న అల్ ఇబ్రాహీం కుటుంబానికి ఉత్తరం వెళితే అక్కడినుంచి యాభై వేల రూపాయలు వచ్చాయి. మొత్తం డెబ్బై వేల రూపాయలకు పైగా పోగైంది. ఆనాటి రూపాయి విలువ పెద్దలకు తెలుసు.

1911 డిసెంబరులో ముబారకియా మదర్సా తెరిచారు. మతవిద్యతో పాటు లెక్కలు, వర్తకపు పద్దులు, ఉత్తరాల రచన నేర్పారు. 1921లో రెండో బడి అహ్మదియా వచ్చింది. అందులో ఇంగ్లీషు కూడా చేర్చారు. 1913లో ఫర్హాన్ అల్ ఖాలిద్ చొరవతో ఒక ధర్మసంస్థ కూడా ఏర్పడింది. విద్యార్థులను పై చదువులకు పంపడం, పేదలకు నీళ్లు, వైద్యం, దిక్కులేనివారికి కఫన్, దఫన్ దాని పనులు. అచ్చం మన సొసైటీ పనుల జాబితాలాగే ఉంది కదా! కాని అది ఎక్కువ కాలం నడవలేదు.

ముత్యాల వ్యాపారం పడిపోయాక బడులకూ కష్టకాలం వచ్చింది. పెద్ద చేతులే ముడుచుకుపోతే చందా ఎక్కడినుంచి వస్తుంది? అప్పుడు వర్తకులు మరో దారి ఆలోచించారు. ఎవరి మంచిరోజుల మీదా ఆధారపడకుండా, ఊరికి దిగుమతయ్యే సరుకు మీద సుంకానికి అదనంగా అర శాతం చదువుకోసం వసూలు చేయమని తామే కోరారు. నూరు రూపాయలకు అర రూపాయి. 1936లో దానితో విద్యామండలి ఏర్పడింది. పాలస్తీనా నుంచి శిక్షణ పొందిన ఉపాధ్యాయులు వచ్చారు. 1937లో ఆడపిల్లల బడి తెరిచారు.

ఈ తేదీలను చమురు తేదీల పక్కన పెట్టి చూడండి. బుర్గాన్‌లో చమురు పడింది 1938లో. మొదటి ఓడ చమురుతో బయలుదేరింది 1946 జూన్ 30న. ఆడపిల్లల బడి నాటికి కువైట్‌కు చమురు డబ్బు రాలేదు. అర రూపాయే వచ్చింది.

చమురు, దాచిన పదో వంతు

1946 తరువాత నగరం రూపు మారింది. బుర్గాన్ ప్రపంచంలోని అతి పెద్ద చమురు క్షేత్రాల్లో రెండోది. 1952లో కొత్త నగర ప్రణాళిక వేశారు. పాత ఊరి చుట్టూ, 1920లో ప్రజలే రాత్రింబవళ్లు శ్రమించి కట్టుకున్న మట్టిగోడను 1957లో తీసేశారు. దాని ద్వారాలు మాత్రం జ్ఞాపకంగా మిగిలాయి. రింగురోడ్ల వెంట కొత్త పేటలు, ఆసుపత్రులు, బడులు, 1966లో విశ్వవిద్యాలయం వచ్చాయి.

డబ్బు వచ్చినా పాత వర్తకుల బుద్ధి పోలేదు. 1953లోనే మిగులు సొమ్మును పెట్టుబడి పెట్టేందుకు బోర్డు పెట్టారు. ఇలాంటి ప్రభుత్వ నిధి ప్రపంచంలో ఇదే మొదటిది. 1976లో భావితరాల నిధి పెట్టి, ఏటా ఆదాయంలో పదో వంతు అందులో వేయాలని చట్టం చేశారు. 1982లో జకాత్ హౌస్, 1993లో వక్ఫ్‌ల కోసం ప్రత్యేక సంస్థ ఏర్పడ్డాయి.

దాచిన సొమ్ము విలువ 1990 ఆగస్టు 2న తెలిసింది. ఇరాక్ సైన్యం దేశాన్ని ఆక్రమించింది. ఏడు నెలల పాటు చమురు అమ్మకం లేదు. వెళ్తూ వెళ్తూ ఆరు వందలకు పైగా బావులకు నిప్పుపెట్టారు. చివరి మంట ఆరేసరికి 1991 నవంబరు అయింది. ఆ రోజుల్లో చెల్లాచెదురైన ప్రజలను, మళ్లీ కట్టుకోవలసిన దేశాన్ని ఆదుకున్నది విదేశాల్లో దాచిన ఆ నిధే. మనవాళ్లు మాత్రం సంపాదన అంతా వదిలి, ఎడారి దాటి జోర్డాన్ చేరారు. అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా 488 విమానాల్లో లక్షకు పైగా భారతీయులను తీసుకొచ్చింది. వెనక కాస్త దాచుకున్న కుటుంబాలు నిలదొక్కుకున్నాయి, అంతా అక్కడే పెట్టినవారు మొదటికి వచ్చారు.

నేటి నగరం, అక్కడి మనవాళ్లు

నేడు ఆ దేశ జనాభాలో దాదాపు మూడింట రెండు వంతులు బయటి దేశాలవారు. వారిలో భారతీయులే ఎక్కువ, సుమారు పది లక్షలు. దేశ ఆదాయంలో అధిక భాగం ఇప్పటికీ చమురుదే. ఆ ఒక్క పంట మీదే ఆధారపడకూడదని 2035 లక్ష్యంగా ప్రణాళిక వేసుకున్నారు. ముత్యాల కథ వాళ్లు మరిచిపోలేదు.

వెళ్లేవారు తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. ఇంటిపని వారికి 2015 నాటి 68వ నంబరు చట్టం వారానికో సెలవు ఇచ్చింది. వారి పాస్‌పోర్టును వారి సమ్మతి లేకుండా యజమాని తన దగ్గర ఉంచుకోకూడదు. 2016లో కనీస జీతం 60 దీనార్లు చేశారు. జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు 11 నుంచి 4 గంటల వరకు ఎండలో పని చేయించకూడదు. చట్టం ఉందని తెలిసినవాడే దాని గురించి అడగగలడు. చదవడం రానివాడు సంతకం పెట్టిన కాగితంలో ఏముందో కూడా అడగలేడు.

ఇక్కడే మన బడి సంగతి వస్తుంది. మన దేశపు నిబంధనల ప్రకారం పదో తరగతి పాసైనవారికి ఇసిఆర్ ముద్ర లేని పాస్‌పోర్టు వస్తుంది. అది చిన్న విషయం కాదు, పదో తరగతే మన ప్రభుత్వం గీసిన గీత అన్నమాట. ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో బడి మానేసి, పద్దెనిమిది నిండేదాకా కూలికి తిరిగి, ఆపై ఖాదిం వీసాకు ఎదురుచూసే మగపిల్లల్ని ఉపాధ్యాయులుగా ఏటా చూస్తున్నాం. వీళ్లలో చాలామందికి అడ్డంపడేది తెలివి కాదు. ఇంట్లో ఆ రెండేళ్లు గడవకపోవడమే.

దాతలకు మూడు మాటలు

ఒకటి, ఒకసారి ఇచ్చే పెద్ద మొత్తం కంటే నెలనెలా వచ్చే చిన్న మొత్తం బడిని నిలబెడుతుంది. రమజాన్‌లో జకాత్ ఇచ్చేవారు ఆ తరువాత పదకొండు నెలలు కూడా జీతంలో నూటికి అర రూపాయి సదఖాగా పక్కన పెట్టగలరు. ముప్పై వేల జీతానికి అది నూటయాభై రూపాయలు.

రెండు, వచ్చిన దాంట్లో పదో వంతు ఖర్చుపెట్టకుండా మూలనిధిగా దాచుదాం. ఇది సదఖా సొమ్ముకు మాత్రమే. జకాత్ దాని హక్కుదారులకు అందవలసిందే. అద్దె వచ్చే ఒక దుకాణం గది కొని వక్ఫ్ చేసినా, దాత పోయాక కూడా దాని పుణ్యం ఆగదు.

మూడు, ఎనిమిదో తరగతి నుంచి పది దాకా పిల్లవాడిని వదలకుండా పట్టుకుందాం. పుస్తకాలే కాదు, ఆ ఇంటికి నెలకు కొంత బియ్యం ఖర్చు ఇచ్చినా వాడు బడిలో ఉంటాడు. ఆ తరువాత ఐటీఐకి వెళ్లినా, ఇంటర్‌కు వెళ్లినా, కువైట్‌కే వెళ్లినా కాగితం చదువుకుని వెళతాడు.

ముత్యాలు పోయాయి, చమురూ ఎప్పటికీ ఉండదని ఆ దేశమే లెక్కవేసుకుంటోంది. మన గల్ఫ్ సంపాదనా అంతే. అది ఉన్నప్పుడు పక్కన పెట్టినదే మిగులుతుంది. అల్లాహ్ మన చందాలను స్వీకరించుగాక, దూరదేశంలో కష్టపడుతున్న మన బిడ్డలను క్షేమంగా ఇళ్లకు చేర్చుగాక. ఆమీన్.

ఇంట్లో పిల్లలను అడగండి

1. నది, పంట లేని చోట కువైట్ నగరం ఎందుకు వెలసింది?
2. కువైట్‌లో మన రూపాయి చెల్లుబాటు కావడానికి కారణం ఏమిటి?
3. ముత్యాల వేటగాడి అప్పుకు, వీసా అప్పుకు పోలిక చెప్పండి.
4. 1911, 1936, 1937, 1938, 1946: ఈ ఏళ్లలో ఏం జరిగింది? వరుసలో పెట్టి, మీకు తెలిసింది రాయండి.
5. మన ఇంట్లో నెలకు నూటికి అర రూపాయి ఎంత అవుతుంది? లెక్కవేసి అబ్బాజాన్‌కు చూపించండి.